బయోడీజిల్: ఆరోగ్య, విష ప్రభావాలు

కానుగ, అడవి ఆముదం వంటి గింజల నూనెను గాని, వాడేసిన వంటనూనెను గాని మిథనాల్‌తో చర్య జరిపి తీసే ఇంధనం బయోడీజిల్. 2016 అక్టోబరులో ప్రధానంగా పూర్వ వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో దాని ఆరోగ్య ప్రభావాల చర్చ ట్రాక్టర్లకు, లారీలకు, సింగరేణి బొగ్గు గనుల ఓపెన్‌కాస్ట్ డంపర్లకు సంబంధించినది.

డీజిల్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో ‘బహుశా’ క్యాన్సర్ కారకమంది. 2012 జూన్‌లో ఆ ‘బహుశా’ తీసేసింది. అందుకు ముఖ్య ఆధారాల్లో ఒకటి అమెరికాలో 12,315 మంది గని కార్మికులపై జరిగిన అధ్యయనం. అవి బొగ్గు గనులు కావు. పైగా సొరంగాల్లో పొగ పీల్చినవారి లెక్కలు భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్‌కు యథాతథంగా వర్తించవు.

బయోడీజిల్ మేలు చెప్పేవారు ఎక్కువగా ఉటంకించేది అమెరికా పర్యావరణ సంస్థ 2002 ముసాయిదా నివేదికను. దాని ప్రకారం నూరు శాతం బయోడీజిల్‌తో నుసి, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు సగానికి, కాలని హైడ్రోకార్బన్లు మూడింట రెండు వంతులు తగ్గుతాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 10 శాతం దాకా పెరుగుతాయి. 20 శాతం మిశ్రమంలో నుసి తగ్గుదల సుమారు 10 శాతమే. ఈ అంకెలు పాత ఇంజన్లవి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 ఉద్గార ప్రమాణాల లారీలు, బస్సుల్లో నుసిని పట్టే ఫిల్టర్లుంటాయి కాబట్టి అక్కడ తేడా స్వల్పం. ఫిల్టరు లేని పొలం ట్రాక్టర్లకే ఈ అంకెలు ఎక్కువ నప్పుతాయనిపిస్తుంది. ఆల్డిహైడ్ల విషయంలో పరిశోధకుల ఫలితాలు పొసగవు.

పొగ సంగతి పక్కనపెడితే ద్రవంగా బయోడీజిల్‌కే మొగ్గు: నేలలో, నీటిలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది, సులభంగా అంటుకోదు. అసలు విషం ముడిసరుకులో, తయారీలో ఉంది. అడవి ఆముదం గింజల్లోని ఫోర్బాల్ ఎస్టర్లు, కర్సిన్ వల్ల వాటిని తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ పిండిచెక్క పశువులకు పనికిరాదు. మిథనాల్ కొద్దిగా లోపలికి పోయినా చూపు పోవచ్చు.

పూర్వ ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ మహిళలు 2003లో కానుగ నూనె ఆధారంగా 147 టన్నుల కర్బన తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మడాన్ని కొందరు ఆరోగ్య లాభంగానూ రాస్తారు. ఆ లెక్క వాతావరణానిది, ఊపిరితిత్తులది కాదు.

2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి పెట్టుకున్న లక్ష్యం డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ మిశ్రమం. ఆ మోతాదులో పీల్చే గాలిలో చెప్పుకోదగ్గ తేడా ఆశించలేం.