ఏ.సీ. గార్డ్సు మర్ఫా పాట: లయయు రసమును

అమీరుపేట, పంజగుట్ట బాటలను సాగు పెండ్లి యూరేగింపులలో మర్ఫా వినని నగరవాసి యరుదు. హిందువుల యింటను ముసల్మానుల యింటను అది మ్రోగును. ఈ వాద్యమున హద్రామీ అరబ్బులకును, సముద్రము దాటివచ్చిన హబ్షీలకును పాలు గలదు. హబ్షీల నెలవు పంజగుట్టకు దక్షిణమున మాసబు ట్యాంకు చేరువనున్న ఏ.సీ. గార్డ్సు, నిజాము కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళమే ఆ పేరునకు మూలము. వనపర్తి సంస్థానమున నుండిన హబ్షీ భటులతో ఆ దళ మేర్పడెనందురు. 1948లో నిజాము పాలన ముగిసిన పిదప దళము రద్దయ్యెను. గుఱ్ఱములు పోయినవి, పాట మిగిలినది.

దీనిని కవిత్వమనవచ్చునా? శబ్దార్థములు కూడినదే కావ్యమని భామహుని మతము. ఇచటనో, పాతపాటలలో నిలిచిన స్వాహిలీ పలుకుల యర్థము ఈ తరమువారికి మఱుగుపడుచున్నది. అయినను పాట చెడలేదు. గణములు లేవు, యతిప్రాసలు లేవు. ఒకడెత్తుకొనగా తక్కినవా రందుకొందురు, దెబ్బదెబ్బకు వేగము హెచ్చును. అర్థము సడలినచోట లయయే బరువు మోయుచున్నది. మన కోలాటము నెఱిగినవారికి ఇది వింత గాదు. లాక్షణికులు జానపదులను విననందుననే ఇట్టి శంక పుట్టినది.

రసమన్ననో, అమెరికా నల్లవారి బ్లూసు బాణీని 1926లో తన తొలి సంపుటమున పద్యమునకు దెచ్చిన లాంగ్‌స్టన్ హ్యూసు నందు దుఃఖము ప్రధానము. మర్ఫాలో హర్షమే. పూర్వపు సిపాయితనము ఆటలో మాత్రము తొంగిచూచును: నర్తకులు కత్తులు త్రిప్పుదురు, కత్తులు లేనిచో కఱ్ఱలు.