నాలుగో వైపు

ఆదివారం పొద్దున. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర నాచారం ఆటో ఎక్కారు మీరు. ఫ్యాక్టరీలకు సెలవు, రోడ్డు ఖాళీ. హెచ్‌ఎంటీ నగర్‌లో దిగి, సందులోకి తిరిగి, మూడో అంతస్తుకు మెట్లెక్కేసరికి తలుపు తీసే ఉంది.

"రా అన్నా, కూసో. ఫ్యాన్ మాత్రం వెయ్య. దాని సప్పుడు పాటల కలుస్తది."

గది నిండా ఒక్క బ్యాండే. ఇనుప ర్యాకులో ఎల్పీ రికార్డులు నిలువుగా నిలబెట్టి ఉన్నాయి. పడుకోబెడితే బరువుకు వంగిపోతాయి. కింది అరల్లో క్యాసెట్లు, సీడీలు. అన్నీ ఐరన్ మెయిడెన్‌వే. బేస్ గిటారిస్టు స్టీవ్ హ్యారిస్ 1975లో తూర్పు లండన్‌లో మొదలుపెట్టిన హెవీ మెటల్ బృందం అది. ఇక్కడి మనిషి పగలంతా నాచారంలో ఒక మెషిన్ షాపులో లేత్ మీద పనిచేస్తాడు. ఆ చేతుల నిదానం ఇప్పుడు మీ కళ్లముందే కనిపిస్తోంది.

పాత క్యాసెట్ ఒకటి ఒళ్లో పెట్టుకుని ఐదు స్క్రూలూ విప్పాడు. వానాకాలం తేమకు రీలు అంచున తెల్లటి బూజు. మెత్తటి గుడ్డతో, ఊపిరి బిగబట్టి, తుడుస్తున్నాడు. మధ్యలో చిన్న రాగి రేకు, దాని మీద ఉండాల్సిన గోరంత ఫెల్టు ముక్క ఊడిపోయింది. రీలును ప్లేయర్ హెడ్‌కు ఆనించి పట్టేది అదే. అది లేకపోతే తాళాల మోత ముసుగేసినట్టు మందగిస్తుంది. కొత్త ముక్క కత్తిరించి, బంక చుక్క పెట్టి అతికించాడు. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని ఆ రీలు మీదే రెండు వైపుల పాటలూ పక్కపక్కన ఉంటాయి.

బంక ఆరేలోపు అసలు కచేరీ మొదలైంది. ఒకే పాట మూడుసార్లు వింటారు మీరు: 'ఏసెస్ హై'. 1940లో ఇంగ్లండు ఆకాశంలో పోరాడిన పైలట్ల పాట.

మొదటిది 1984 నాటి 'పవర్‌స్లేవ్' ఎల్పీలో మొదటి పాట. బహామాస్‌లోని స్టూడియోలో రికార్డు చేసింది. ఎక్కడి వాయిద్యం అక్కడ శుభ్రంగా వినిపిస్తుంది.

రెండోది 1985 మార్చిలో అమెరికాలో, లాంగ్ బీచ్ అరీనాలో పాడింది. 'లైవ్ ఆఫ్టర్ డెత్' అనే జంట ఎల్పీ. అట్ట మీద డెరెక్ రిగ్స్ బొమ్మ, సమాధి చీల్చుకుని లేస్తున్న ఎడ్డీ, బృందానికి గుర్తుగా నిలిచిన బొమ్మ మనిషి. ముందు చర్చిల్ ప్రసంగం, దాని మీద జనం కేకలు, ఒక్కసారిగా గిటార్లు. డేవ్ మర్రే, ఏడ్రియన్ స్మిత్, ఇద్దరే.

మూడోదానికి ముందు అతను నిటారుగా కూర్చున్నాడు. 2008 ఫిబ్రవరి 1, ముంబయి, బాంద్రా కుర్లా కాంప్లెక్స్. గాయకుడు బ్రూస్ డికిన్సన్ బోయింగ్ 757ను తానే నడుపుకుంటూ తిరిగిన యాత్రలో మొదటి కచేరీ అది. 'ఫ్లైట్ 666' ఆల్బమ్‌లో ఈ పాట ఆ రాత్రిదే. ఇప్పుడు గిటార్లు మూడు, యానిక్ గెర్స్ కూడా ఉన్నాడు.

"హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌ల పోయినం. ఇను, గీడ జనం అర్సుడు. అండ్ల నా గొంతు గూడ ఉన్నది."

ఉంది. ఏది అతనిదో విడదీసి చెప్పలేరు, కానీ ఉంది. ఉప్పల్, నాచారం కుర్రాళ్ల అరుపు ప్రపంచమంతా కొనుక్కున్న రికార్డులో చేరిపోయింది.

అదే పాట ఇన్నిసార్లు ఎందుకని అడిగేవాళ్లకు మన ఊళ్లలోనే జవాబుంది. రాయబారం పద్యాలు షణ్ముఖి ఆంజనేయరాజు నోట విన్నవాళ్లు పీసపాటి నరసింహమూర్తి నాటకానికి కూడా బండ్లు కట్టుకుని వెళ్లేవారు. పద్యం తెలియక కాదు. ఈ రాత్రి రాగం ఎక్కడ లాగుతాడో, ఎక్కడ ఆపుతాడో వినడానికి.

"అన్నీ ఫోన్ల ఉన్నయ్ గద" అని మీరు అనబోతుంటే అతను 'లైవ్ ఆఫ్టర్ డెత్' రెండో ఎల్పీని నాలుగో వైపుకు తిప్పాడు. ఇందులో ఐదు పాటలు, 1984 అక్టోబరులో లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో పాడినవి. ఆల్బమ్ మొదట ఒక్క సీడీగా వచ్చినప్పుడు చోటు చాలక ఈ వైపు మొత్తం తీసేశారు. 1998లో రెండు సీడీలుగా వచ్చేదాకా సీడీ కొన్నవాళ్లకు ఆ ఐదూ అందలేదు. అన్నేళ్లూ వాటిని నిలబెట్టింది ఎల్పీని అమ్ముకోకుండా ఉంచుకున్నవాళ్లు.

సూది గాడిలో పడింది. డికిన్సన్ గొంతు లాంగ్ బీచ్‌లోకంటే ఇక్కడ ఎక్కువ తేటగా ఉందని మీకే అనిపిస్తోంది. పైకి అన్నారు కూడా. అతను ఒప్పుకోలేదు. అరగంట వాదన నడిచింది. రెండు వైపులూ మళ్లీ పెట్టి, చెవులు రిక్కించి, ఇద్దరూ విన్నారు. ఇంత సేకరణా దాచుకుంటే అర్థం లేదు, ఇలా పక్కపక్కన పెట్టి వింటేనే దానికి విలువ.

బంక ఆరింది. క్యాసెట్ బిగించి మీ చేతిలో పెట్టాడు.

"వారంల తెచ్చియ్యి. రెండు దిక్కులా ఇని తెచ్చియ్యి. ఇనకుంట తెస్తే ఇంకోటి ఇయ్య."