పొగను తయారుచేసే పని

ఎవరి పరువు గురించైనా మాట్లాడుకునేటప్పుడు మనం తొందరగా వాడేసే సామెత ఒకటుంది: నిప్పు లేనిదే పొగ రాదు. ఒక నటి ఫలానా పెద్దమనిషి తనను వేధించాడని ఫిర్యాదు చేస్తుంది. వారం తిరిగేసరికి ఆ పెద్దమనిషి గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఆమె గురించి మాత్రం చాలా తెలిసిపోతుంది. ఏ షూటింగ్‌లో ఎవరితో గొడవపడింది, ఏ ఇంటర్వ్యూలో పొగరుగా మాట్లాడింది, అంతకుముందు ఎవరితో తిరిగింది. ఇదంతా మీకెవరు చెప్పారని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. "అందరూ అంటున్నారు" అంటారు, అంతే.

ఆ "అందరూ" ఎవరో తెలుసుకుందామనే నేను కొన్నాళ్ళుగా హాలీవుడ్ చరిత్ర చదువుతున్నాను. నాకు అర్థమైనంతవరకు అక్కడ పొగను తయారుచేయడం వందేళ్ళుగా జీతం తీసుకుని చేసే పని. పని అదే. పద్ధతి మాత్రం మూడుసార్లు మారింది.

కథ 1921లో మొదలవుతుంది. ఆ సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక హోటల్లో పార్టీ జరిగిన కొద్దిరోజులకు వర్జీనియా రాపే అనే నటి చనిపోయింది. హాస్యనటుడు రాస్కో ఆర్బకుల్ మీద కేసు పెట్టారు. విచారణ మొదలుకాకముందే హర్స్ట్ పత్రికలు అతన్ని రాక్షసుణ్ణి చేసి కాపీలు అమ్ముకున్నాయి. మూడు విచారణలు జరిగాయి. 1922 ఏప్రిల్ 12న మూడో జ్యూరీ అతన్ని నిర్దోషి అని వదిలేయడమే కాదు, అతనికి అన్యాయం జరిగిందని కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. సరిగ్గా ఆరు రోజులకి, సినిమా పరిశ్రమ తన పరువు కాపాడుకోడానికి తెచ్చిపెట్టుకున్న విల్ హేస్ అతని సినిమాలను నిషేధించాడు. జనం మనసులో పడ్డ ముద్రను కోర్టు తీర్పు చెరపలేకపోయింది. స్టూడియోలు దీన్నుంచి నేర్చుకున్న పాఠం న్యాయం గురించి కాదు. అసలు తీర్పు పేపర్లో వస్తుంది కాబట్టి పేపరు మన చేతిలో ఉండాలి అనేదే ఆ పాఠం.

ఎంత బాగా నేర్చుకున్నారో 1937లో తెలిసింది. మే 5న ఎంజీఎం కంపెనీ దేశం నలుమూలల నుంచి వచ్చిన తన సేల్స్ మనుషులకు లాస్ ఏంజెలెస్ దగ్గర విందు ఇచ్చింది. సినిమా షూటింగ్ అని చెప్పి సుమారు 120 మంది డాన్సర్ అమ్మాయిలను అక్కడికి రప్పించారు. కౌబాయ్ వేషాలు వేయించారు. తీరా వెళ్తే కెమెరాలు లేవు, తాగుతున్న మగవాళ్ళే ఉన్నారు. ఆ అమ్మాయిల్లో 20 ఏళ్ళ ప్యాట్రీషియా డగ్లస్ ఒకరు. తన నోట్లో బలవంతంగా మద్యం పోశారని, షికాగో ఆఫీసు నుంచి వచ్చిన డేవిడ్ రాస్ అనే సేల్స్‌మన్ తనపై అత్యాచారం చేశాడని ఆమె చెప్పింది. డిస్ట్రిక్ట్ అటార్నీ కదలకపోతే పేపరుకెక్కింది, తన సొంత పేరుతో, సొంత ఫోటోతో. 1937లో ఒక ఆడపిల్ల అలా బయటికి రావడం ఎంత సాహసమో ఊహించుకోవచ్చు.

ఎంజీఎం పబ్లిసిటీ విభాగాన్ని నడిపే హోవర్డ్ స్ట్రిక్లింగ్‌కీ, కంపెనీ పెద్దల్లో ఒకడైన ఎడ్డీ మానిక్స్‌కీ ఇలాంటివి చక్కబెట్టడంలో పేరుంది. స్టూడియో పింకర్టన్ డిటెక్టివ్‌లను పెట్టి డగ్లస్ గతం తవ్వించింది. విందుకు వచ్చిన వాళ్ళ చేత అంతా మర్యాదగానే జరిగిందని వాంగ్మూలాలు ఇప్పించుకుంది. పార్కింగ్ దగ్గరుండి ఒక మనిషి పారిపోవడం చూసిన అటెండెంట్, గ్రాండ్ జ్యూరీ ముందు అతను రాస్ కాదన్నాడు. ఆ తర్వాత అతనికి ఎంజీఎంలో ఉద్యోగం దొరికింది. గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపలేదు. 1938లో ఆమె ఫెడరల్ కోర్టుకి వెళ్తే సొంత లాయరే హాజరుకాలేదు. కేసు కొట్టేశారు. వార్తలు ఆగిపోయాయి.

ఇది మొదటి పద్ధతి: మాయం చేయడం. ఎంత పకడ్బందీగా చేశారంటే, జీన్ హార్లో జీవితచరిత్ర రాస్తూ పాత పత్రికలు తిరగేస్తున్న డేవిడ్ స్టెన్‌కి ఈ సంగతి కంటబడేదాకా యాభై ఏళ్ళకు పైగా ఎవరికీ గుర్తే లేదు. ఆయన డగ్లస్‌ను వెతికి పట్టుకున్నాడు. 2003 ఏప్రిల్‌లో వానిటీ ఫెయిర్‌లో ఆ కథ వచ్చింది. అదే ఏడాది ఆమె చనిపోయింది.

స్టూడియోల గుత్తాధిపత్యం పోయాక మాయం చేయడం కష్టమైంది. అప్పుడు రెండో పద్ధతి బలపడింది: మనిషిని పలుచన చేయడం. దీనికి హార్వీ వైన్‌స్టీన్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2015 మార్చిలో ఆంబ్రా బట్టిలానా గుటియెరెజ్ అనే మోడల్ అతని మీద న్యూయార్క్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. మర్నాడే పోలీసులు ఇచ్చిన మైకు దాచుకుని వెళ్ళి అతని మాటలు రికార్డు చేసింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కానీ ఆ రోజుల్లో టాబ్లాయిడ్లలో వచ్చింది ఆ టేపు కాదు, ఇటలీలో ఆమె గతం. రెండు వారాల్లో కేసు పెట్టడం లేదని అటార్నీ ఆఫీసు చెప్పేసింది. ఆ టేపును జనం వినడానికి 2017 అక్టోబరు దాకా పట్టింది.

పలుచన చేయడానికి ఎప్పుడూ పేపరు కూడా అక్కర్లేదు. ఒక ఫోన్ చాలు. 1990లలో యాష్లీ జడ్‌నీ, మీరా సొర్వినోనీ తన సినిమాలోకి తీసుకుందామనుకుంటే, వాళ్ళతో పనిచేయడం నరకమని వైన్‌స్టీన్ కంపెనీ మిరామాక్స్ వాళ్ళు తనకు చెప్పారని దర్శకుడు పీటర్ జాక్సన్ 2017లో బయటపెట్టాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది కావాలని చేసిన దుష్ప్రచారం అనిపిస్తోందన్నాడు. వైన్‌స్టీన్ అది అబద్ధమన్నాడు. "ఆమెతో కష్టం" అన్న మాట మన ఇండస్ట్రీ కబుర్లలో కూడా ఎన్నిసార్లు వింటామో గుర్తు తెచ్చుకోండి. అది అభిప్రాయంలాగే వినిపిస్తుంది. దానికి రుజువు అడగాలని ఎవరికీ తోచదు. పింకర్టన్ల వారసులు కూడా ఈ కథలో ఉన్నారు. మాజీ మొసాద్ మనుషులు నడిపే బ్లాక్ క్యూబ్ అనే సంస్థను వైన్‌స్టీన్ తరఫున నియమించారు. దాని ఏజెంట్ మహిళా హక్కుల కార్యకర్త వేషంలో నటి రోజ్ మెక్‌గోవన్‌తో స్నేహం చేసి ఆమె మాటలు రికార్డు చేసింది.

మూడో పద్ధతి 2024 నాటిది. బ్లేక్ లైవ్లీ తన సహనటుడు, దర్శకుడు జస్టిన్ బాల్డోనీ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదులో రెండో ఆరోపణ కూడా ఉంది: తన పరువు తీయడానికి క్రైసిస్ పీఆర్ వాళ్ళను పెట్టి ఆన్‌లైన్‌లో ప్రచారం నడిపించారని. ఎవరినైనా పాతిపెట్టేయగలం అనే అర్థంలో ఒక పీఆర్ ఉద్యోగి పంపిన మెసేజ్‌ను అందులో చేర్చారు. బాల్డోనీ వర్గం అన్నీ కొట్టిపారేసింది. జనం వాళ్ళంతట వాళ్ళే లైవ్లీ మీద విసుగెత్తిపోయారంది. పైగా ఆమే పత్రికను వాడుకుని తమ పరువు తీసిందని ఎదురు దావా వేసింది. 2025 జూన్‌లో జడ్జి ఆ దావాను కొట్టేశాడు.

ఎవరిది నిజమో తేల్చే పని నాది కాదు. నన్ను పట్టుకున్నది ఆ జవాబు: "జనం వాళ్ళంతట వాళ్ళే." 2024 ఆగస్టులో సినిమా విడుదలైన రోజుల్లో లైవ్లీది 2016 నాటి ఇంటర్వ్యూ ఒకటి బయటికొచ్చి లక్షలమందికి చేరింది. అందులో ఆమె విలేకరితో దురుసుగా మాట్లాడిన మాట నిజమే. ఆ వీడియో కల్పితం కాదు, చూసినవాళ్ళ కోపమూ కల్పితం కాదు. ఆ వీడియో పెట్టిన విలేకరి తనకు ఎవరితోనూ సంబంధం లేదంది. అలాంటప్పుడు ఎంతవరకు జనం, ఎక్కణ్ణుంచి ప్రచారం? గీత గీయలేం.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. డేటాబేస్‌లోంచి ఒక వరుసను డిలీట్ చేస్తే ఎక్కడో ఒక లాగ్‌లో ఎవరు చేశారో మిగులుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి దేన్ని పైన చూపించాలో, దేన్ని కిందికి నెట్టాలో మారిస్తే, బయట నుంచి చూసేవాడికి ఏ ఆధారమూ కనబడదు. అన్నీ అక్కడే ఉంటాయి. ఎవరూ ఏదీ దాచలేదు. ఎంజీఎం మాయం చేసిన కథను ఒక ఓపికగల పరిశోధకుడు పాత పేపర్లలోంచి తవ్వి తీయగలిగాడు. ముంచెత్తిన కథను రేపు ఎవరైనా ఎలా తీస్తారు? అందులో మునిగి ఉన్నది మన లైకులు, మన జోకులు, మన షేర్లే కదా. పాత రోజుల్లో పీఆర్ మనకు ఒక అభిప్రాయం అమ్మేది. ఇప్పుడు ఆ అభిప్రాయం మన సొంతమేనని మనకే అనిపించాలి. అప్పుడే పని పూర్తయినట్టు.

అలాగని ఫిర్యాదు చేసిన ప్రతివాళ్ళదీ నిజం అని కళ్ళు మూసుకుని నమ్మమనడం లేదు. ఆర్బకుల్ సంగతి ముందే చెప్పింది అందుకే. నేననేది చిన్న తేడా గురించి. ఆరోపణ నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న. ఆమె మంచిదా కాదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ వందేళ్ళ నైపుణ్యమంతా మొదటి ప్రశ్న అడగబోయిన మన చేత రెండోది అడిగించడంలోనే ఉంది.

మన దగ్గర కూడా చూశాం. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసన తెలిపినప్పుడు, టీవీ చర్చలు కాస్టింగ్ కౌచ్ ఉందా లేదా అన్నదాని మీద కంటే ఆమె ఎలా నిరసన తెలిపింది, ఆమె ఎలాంటిది అన్నదాని మీదే ఎక్కువగా నడిచాయి. దాన్ని ఎవరో డబ్బిచ్చి చేయించారని నేననను. ఆ అలవాటు మనలో ముందే ఉంది. పీఆర్ వాళ్ళకు పెట్టుబడి ఆ అలవాటే. ఆ తర్వాత మహిళా సంఘాలు అడగ్గా అడగ్గా తెలంగాణ ప్రభుత్వం 2019లో పరిశ్రమలో వేధింపుల మీద ఒక కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కేరళ ప్రభుత్వం హేమ కమిటీ నివేదికను విడుదల చేశాక, ఇక్కడి ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టమని సమంత కోరింది. కోరాల్సి వచ్చిందంటే అప్పటిదాకా అది జనం చేతికి రాలేదనే.

ఫలానా నటి ఫలానా ఫంక్షన్‌లో ఏమందో మనకు గంటలో తెలిసిపోతుంది. ఆ నివేదికలో ఏముందో తెలియకుండానే ఏళ్ళు గడిచాయి. ముంచెత్తే టెక్నాలజీ వచ్చినంత మాత్రాన, మాయం చేసే పాత పద్ధతి ఏమీ పోలేదు.