పురుగు కథ, కాలు కథ

బోదకాలు చరిత్ర కోసం ఏ వైద్యగ్రంథం తెరిచినా మనకి దొరికేది పురుగు చరిత్ర. 1863లో పారిస్‌లో దెమార్కే అనే వైద్యుడు వరిబీజం నీటిలో సన్నటి పిల్లపురుగుల్ని చూశాడు. 1866లో బ్రెజిల్‌లో వూకరర్ వాటిని మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ రక్తంలో చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్ తల్లిపురుగునే పట్టుకున్నాడు. మరుసటేడు చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్, రక్తంలో ఈ పిల్లపురుగులున్న తన తోటమాలి హిన్ లోని దోమలచేత కుట్టించి, ఆ దోమల్ని కోసి, లోపల పురుగు పెరగడం చూశాడు. మనిషి రోగం దోమలో పెరుగుతుందని ఎవరైనా కళ్ళారా చూడటం అదే మొదలు. అయితే ఆ పురుగు మళ్ళీ మనిషిలోకి ఎలా వస్తుందో మాన్సన్‌కి అంతుపట్టలేదు. దోమలు చచ్చిపడిన నీళ్ళు తాగడం వల్ల అనుకున్నాడు. అది కుట్టే ముల్లులోనే ఉందని 1900లో జార్జ్ లో తేల్చాడు.

గొప్ప కథే, కాదనను. కానీ ఇందులో కాలేదీ?

సుశ్రుతుడు దీన్ని శ్లీపదం అన్నాడు. పాతనీరు నిలవుండి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే దేశాల్లో ఇది ఎక్కువని చెప్పాడు. గోదావరి కాలవల మధ్య పెరిగినవాణ్ణి, ఆ మాట చదివితే మా ఊరి మురుగుకాలవే కళ్ళముందు కనబడింది. దోమ సంగతి తెలియకపోయినా చోటు సంగతి ఆయనకి తెలుసు. మన ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని 1955లో మొదలుపెట్టింది. రాజమండ్రిలో శిక్షణ, పరిశోధనా కేంద్రం వచ్చింది. ఈ పురుగు రాత్రిపూటే రక్తంలో తిరుగుతుంది కనుక సిబ్బంది కూడా రాత్రుళ్ళే వచ్చి, నిద్రపోయేవాళ్ళని లేపి, వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళేవారు. 2004 నుంచి ఏడాదికోసారి ఊరందరికీ డీఈసీ మాత్రలు పంచుతున్నారు. ఇవన్నీ రోగం ఇంకొకరికి పాకకుండా చేసే పనులు. అవసరమైనవే. ఇప్పటికే వాచిన కాలుతో అరుగుమీద కూర్చున్న మనిషికి మాత్రం వీటిలో ఏమీ లేదు. మాత్ర పురుగుని చంపుతుందేమో గానీ వాపుని తీయదు. "ఇహ ఇంతేనమ్మా" అని పంపేసేవారు.

ఆ "ఇహ ఇంతే"కి జవాబు బ్రెజిల్‌లోని రెసీఫే నగరం నుంచి వచ్చింది. అక్కడ జెరూసా డ్రెయెర్ అనే వైద్యురాలు 1990లలో పురుగుని కాసేపు పక్కనపెట్టి కాళ్ళని చూసింది. ముఖ్యంగా కాలివేళ్ళ సందుల్ని. బోదకాలున్నవాళ్ళకి ఉన్నట్టుండి చలిజ్వరం వస్తుంది. కాలు ఎర్రబడి మండుతుంది, గజ్జల్లో బిళ్ళలు కడతాయి. తగ్గాక చూస్తే కాలు ఇంకొంచెం లావై ఉంటుంది. మన వైపు దీన్ని అమావాస్య, పున్నమిల లెక్కన చూసేవారు. వైద్యులేమో పురుగు తెచ్చే జ్వరమనే అనుకునేవారు. డ్రెయెర్ బృందం తేల్చిందేమిటంటే, వీటిలో ఎక్కువభాగం మామూలు బాక్టీరియా పని. నీరు చేరిన కాలుకి ఎదుర్కొనే శక్తి తక్కువ. వేళ్ళ సందున ఒరిసినచోటు దానికి తలుపు. జ్వరం వచ్చినప్పుడల్లా లోపలి లింఫు నాళాలు ఇంకాస్త చెడతాయి. తలుపు మూస్తే జ్వరాలు తగ్గుతాయి, జ్వరాలు తగ్గితే కాలు పెరగడం ఆగుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. మూయడానికి కావలసినవి సబ్బు, నీళ్ళు, పొడిగుడ్డ. ఆమె రోగుల్ని కూడగట్టి 'ఆశా క్లబ్బులు' పెట్టింది. అక్కడ ఒక రోగి ఇంకో రోగికి నేర్పేవాడు. నా మటుకు నాకు ఈ క్లబ్బులు మాన్సన్ దోమలకంటే తక్కువ ఆవిష్కరణ కావు.

2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన నిర్మూలన కార్యక్రమంలో మాత్రలతోబాటు ఉన్న రోగులకి ఊరట అనే రెండో భాగం కూడా చేర్చింది. ఇంటిదగ్గరే చేసుకునే సంరక్షణ ఎలా నేర్పాలో పాఠాలు కూడా రాయించింది. కానీ కదలలేని మనిషి నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్తుంది?

మా పెద్దత్తకి డెబ్బై దాటాయి. కుడికాలు బోదకాలు, రెండు మోకాళ్ళూ అరిగాయి. 2020లో లాక్‌డౌన్‌లో బళ్ళు లేవు, ఆస్పత్రి లేదు. హైదరాబాదులో నర్సుగా ఉన్న మనవరాలు వాట్సాప్ వీడియోలో చూపిస్తానంది. మొదటిరోజు అత్త మొహమే చూపించింది. "ఫోనుకి కాలు చూపించడవేఁవిటే, పుస్తకానికి కాలు తగిలినట్టు!" అంది. అసలు సంగతి అది కాదని అందరికీ తెలుసు. ముప్పయ్యేళ్ళుగా ఆ కాలుని చీర కుచ్చిళ్ళకింద ఎవరికీ కనపడకుండా దాచుకున్న మనిషి. పైగా వంగితే చెయ్యి వేళ్ళదాకా అందదు. కోడలు కడుగుతానంటే నాలుగురోజులు ఒప్పుకోలేదు. ఐదోరోజు ఒప్పుకుంది.

మనవరాలు చెప్పింది చాలా చిన్నచిన్న సంగతులు. నీళ్ళు వేడివి వద్దు, మామూలువి చాలు. బ్రష్షు, పీచు పెట్టి రుద్దకూడదు. నురుగు వేళ్ళ సందుల్లోకి వెళ్ళాలి. పాత నూలుచీర పీలికని రెండుకొసలా పట్టుకుని ఒక్కో సందులోంచి లాగి తడి తీయాలి. తుడిచాక తెల్లగా నాని ఉందేమో, పగులుందేమో కెమెరా దగ్గరగా పెట్టి చూపించాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద ఉండాలి. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టాలి. కూర్చునే మడమా వేళ్ళూ మార్చిమార్చి పైకెత్తాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా నీరు పైకి కదులుతుంది, నడవలేనివాళ్ళకి ఆ మాత్రమే నడక. జ్వరం వచ్చిన రోజు గోడ కేలండరు మీద సున్నా చుట్టాలి, కాలు తోమకూడదు, చల్లటి తడిగుడ్డ వేసి డాక్టరుకి ఫోను చేయాలి.

ఆ సున్నాల దగ్గర పెద్ద తగవయ్యింది. మొదటి సున్నా పడినప్పుడు "అమావాస్యకి ఇంకా తొమ్మిది రోజులుంది కదే" అని అత్త కేలండరునే అనుమానించింది. అంతకుముందు రెండుమూడు నెలలకోసారి మంచమెక్కేది. ఆ ఏడాది మొత్తానికి సున్నాలు రెండే. కాలు సన్నబడిందా అంటే, పాదం మీది ముడత కాస్త వదులైంది, అంతే.

దూరం నుంచి నేర్పడంలో ప్రమాదం కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. కాలు వాచిందల్లా బోదకాలు కాదు. గుండె, మూత్రపిండాలు, సిరలు, ఏది చెడినా కాళ్ళు వాస్తాయి. ఒక కాలే హఠాత్తుగా వాచి నొప్పెడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఫోను దాన్ని పట్టలేదు. ముందు ఒక్కసారైనా డాక్టరు చెయ్యివేసి చూడాలి. పాఠం ఆ తరవాత. లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, మన దేశంలో దూరవైద్యానికి నియమాలు వచ్చాయి. వాటిలోనూ ఏది ఫోనులో తేల్చవచ్చో, ఏది కూడదో డాక్టరు విచక్షణకే వదిలారు.

తెలంగాణలో 2018 నుంచి బోదకాలు రోగులకి పింఛను ఇస్తున్నారు. చాలాచోట్ల టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్లు కూడా పంచుతున్నారు. మా అత్తకీ తరవాత ఒక కిట్టు వచ్చింది. ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. ఆ టబ్బు ఎందుకో పక్కింటావిడకి అత్తే చూపించింది, పాత చీర పీలికతో సహా.