ఒకే స్టేషన్, రెండు లైన్లు: సోనిక్ ఇరవయ్యో పుట్టినరోజు ఆట



పోయిన వారం వార్షికోత్సవం మీటింగులో జరిగిన వాదన అందరికీ గుర్తుండే ఉంటుంది. హరికథ, కోలాటం ఉండాల్సిందే అని పెద్దలు పట్టు. మైకు ఒక్కసారి మా చేతికివ్వండి అని పిల్లలు పట్టు. చివరికి "పాతదీ కొత్తదీ కలిపి పెడదాం" అని కాఫీ తాగి లేచాం. కలపడం అంటే ఎట్లా కలపడం అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటికొచ్చి చూస్తే మనవడు ఒక ఆట ఆడుతున్నాడు. ఆ ప్రశ్న అందులో దొరికింది. నవ్వకుండా చదవండి.

ఆ ఆట పేరు సోనిక్ జనరేషన్స్. 2011లో వచ్చింది. "ప్లాట్‌ఫారం గేమ్ తాతా" అన్నాడు మనవడు. ఉద్యోగమంతా ప్లాట్‌ఫారాల పక్కనే గడిపిన నాకు ఇదేదో రైలు ఆట అనిపించింది. కాదట. గట్లు, దిబ్బలు, గాలిలో వేలాడే పలకలు, వాటి మీద ఎగురుకుంటూ పరుగెత్తి చివరకు చేరే ఆటలకు ఆ పేరు. మన ఇళ్లలో టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టి ఆడిన మారియో కూడా ఆ జాతిదే.

సోనిక్ ఒక నీలం రంగు హెడ్జ్‌హాగ్. తమిళంలో ముళ్ళెలి అంటారే, అది. తిరునెల్వేలి, తూత్తుక్కుడి వైపు ఎర్రమట్టి నేలల్లో దాని చుట్టం ఒకటి ఉంది. ముట్టుకుంటే బంతిలా చుట్టుకుంటుంది. జపాన్ వాళ్ల సోనిక్ కూడా బంతిలా చుట్టుకునే శత్రువుల్ని కొడతాడు. సెగా అనే కంపెనీ మారియోకు పోటీగా వాణ్ణి 1991లో దించింది. బొమ్మ గీసింది నావోటో ఓషిమా, ప్రోగ్రాం రాసింది యూజీ నాకా, ఆటలోని దారులు వేసింది హిరోకాజు యాసుహారా. అమెరికాలో విడుదలైన జూన్ 23నే వాడి పుట్టినరోజుగా చేస్తారు.

ఆ మొదటి ఆటలో వేగం ఊరికే రాదు. వాలు మీద బంతిలా దొర్లితే వేగం పుడుతుంది, ఆ వేగంతో ఎదుటి గట్టు ఎక్కాలి. వేగం చాలకపోతే వెనక్కి జారిపోతాం. ఎక్కడ వాలు ఉందో, ఎక్కడ గుంట ఉందో నేల చదవడం రావాలి. తెర పక్కనుంచి కనబడుతుంది, ఎడమ నుంచి కుడికి పరుగు. అదే పాత పద్ధతి.

1998 డిసెంబరులో డ్రీమ్‌కాస్ట్ అనే యంత్రం మీద సోనిక్ అడ్వెంచర్ వచ్చింది. అక్కడ వాడు పొడుగయ్యాడు, నల్ల కళ్లు ఆకుపచ్చగా మారాయి, బొజ్జ పోయింది, మాటలొచ్చాయి. వాడి వీపు వెనుక నుంచి చూస్తూ లోతుకు పరుగెత్తాలి. ఆ యంత్రం అమ్ముడుపోలేదు. 2001లో సెగా ఇంటి యంత్రాల తయారీయే మానుకుంది, సోనిక్ పక్కవాళ్ల యంత్రాల మీద బతకాల్సి వచ్చింది. పదిహేనో ఏడు పండగకు 2006లో ఒక ఆట తెచ్చారు. అది తప్పులతో, ఎదురుచూపులతో ఆడేవాళ్ల సహనం పరీక్షించి, ఆ పేరుకే మచ్చ అయింది. తరువాత 2008లో ఇంటి యంత్రాల ఆటల్లోకి బూస్ట్ పద్ధతి వచ్చింది. బటన్ నొక్కితే బాణంలా దూసుకుపోవడమే. నేల చదవక్కర్లేదు, ముందు ఏమొస్తుందో రెప్పపాటులో పసిగట్టాలి. అది వేరే విద్య.

ఈలోపు ఆడేవాళ్లు రెండు వర్గాలయ్యారు. పాతదే సోనిక్, మిగతాది వేషం అని ఒకరు. మీ కాలం అయిపోయింది అని ఇంకొకరు. వినడానికి మన మీటింగులాగే లేదూ?

ఇరవయ్యో ఏటి ఆటలో కథ చిన్నది. స్నేహితులు సోనిక్ పుట్టినరోజు చేస్తుంటే కాలాన్ని తినే ఒక భూతం వచ్చి అందర్నీ లాక్కుపోతుంది. పాత చోట్లన్నీ రంగు పోయి తెల్లగా పడి ఉంటాయి. అక్కడ పెద్ద సోనిక్‌కు చిన్న సోనిక్ ఎదురవుతాడు, అంటే 1991 నాటి తనే. ఇద్దరూ ఒక్కో చోట పరుగెడితే ఆ చోటుకు రంగు తిరిగొస్తుంది.

చోట్లు 9. పాత కాలానివి 3, డ్రీమ్‌కాస్ట్ కాలం నుంచి 3, ఆ తరువాతివి 3. ప్రతి చోటికీ రెండు అంకాలు. మొదటిది చిన్నవాడిది, పక్కనుంచి చూసే పరుగు. రెండోది పెద్దవాడిది, వెనుక నుంచి చూసే దూకుడు. ఊరు ఒకటే, పాట బాణీ ఒకటే, దారి మాత్రం వేరు. 1991 నాటి గ్రీన్ హిల్ చోటును పెద్దవాడు బూస్ట్‌తో చీల్చుకుపోతాడు. 2001లో వచ్చిన సిటీ ఎస్కేప్‌ను, పక్క చూపు ఆటల్లో ఎన్నడూ లేని ఆ వాలు వీధుల నగరాన్ని, చిన్నవాడు తన దొర్లుడుతో దాటుతాడు. వెంటపడే లారీ ఇద్దరికీ ఒకటే. నాకు బాగా నచ్చింది ఇక్కడే. పాతవాడికి పాత చోట్లు, కొత్తవాడికి కొత్త చోట్లు అని పంచేయలేదు. కొత్త ఊరికి పాతవాణ్ణీ పంపారు.

మేట్టుపాళయం స్టేషన్ చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెన్నై నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్ 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ మీద వచ్చి ఆగుతుంది. అక్కడే 1000 మిల్లీమీటర్ల మీటర్ గేజ్ మీద ఊటీ బండి నిలబడి ఉంటుంది. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్ల కమ్మీ పట్టుకుని కొండ ఎక్కేది ఆ చిన్న బండే. స్టేషన్ ఒకటే, లైన్లు రెండు. ఒకదాని పెట్టెలు ఇంకోదానికి తగిలించమని ఎవరూ అడగరు.

ఈ ఆట చివరి పోరులో ఆ పనే చేశారు. భూతం మీదికి ఇద్దర్నీ ఒకేసారి పంపారు. చిన్నవాడికి దొర్లే నేల లేదు, పెద్దవాడికి దూసుకుపోయే దారి సరిగ్గా కనబడదు, స్నేహితులు ఆపకుండా సలహాలు అరుస్తుంటారు. రెండు వర్గాల వాళ్లూ ఏకమై తిట్టింది ఆ ఘట్టాన్నే. మా వాడు మూడుసార్లు ఓడి రిమోట్ సోఫా మీద పడేశాడు.

మిగతా ఫిర్యాదులూ తక్కువేం లేవు. పాతవాళ్లు చిన్నవాడి దొర్లుడులో ఆ నాటి బరువు లేదంటారు, నిలబడి చక్రంలా తిరిగి దూకే స్పిన్ డ్యాష్‌కు మితిమీరిన బలం ఇచ్చారంటారు. నిజమే, అసలు పాతది తిరిగి రాలేదు. 2011 వాళ్ల చేతిలో తయారైన పాతది వచ్చింది. కొత్తవాళ్లేమో పెద్దవాడి అంకాలు కూడా మధ్యమధ్య పక్క చూపులోకి పోతాయని గొణుగుతారు. ప్లానెట్ విస్ప్ అనే చివరి చోటు సాగదీసినట్టుంటుందని నాకూ అనిపించింది. పైగా మొత్తం చిన్న ఆట, తీరిక ఉంటే ఒక రోజులో అయిపోతుంది. అయినా వాలు మీద వదిలితే చిన్నవాడు చిన్నవాడిలాగే పరుగెడతాడు, పెద్దవాడు పెద్దవాడిలాగే.

ఇంకో సంగతి. ఆ 9 చోట్లలో క్రైసిస్ సిటీ అనే మండుతున్న నగరం ఒకటి ఉంది. అది ఆ 2006 ఆటలోది. పేరు చెడగొట్టిన ఏడును పుట్టినరోజు నాడు దాచిపెట్టలేదు. దాన్నీ తీసుకుని, బాగుచేసి, వరుసలో నిలబెట్టారు. మన సంఘం సావనీరులో రెండుగా చీలిన ఆ మూడేళ్ల మాట ఎప్పుడైనా వచ్చిందా? ఫోటోలు కూడా ఆ ఏళ్లవి వేయం.

2017లో సెగా మళ్లీ ప్రయత్నించింది. పాత పద్ధతి ఒక్కటే పెట్టి, అభిమానులుగా మొదలైన క్రిస్టియన్ వైట్‌హెడ్ లాంటి కుర్రాళ్ల చేతికిచ్చి సోనిక్ మేనియా చేయించింది. అందరూ మెచ్చుకున్నారు. అదే ఏడు నవంబరులో సోనిక్ ఫోర్సెస్‌లో చిన్నవాణ్ణి, పెద్దవాణ్ణి, ఆడేవాడు తయారుచేసుకునే మూడో పాత్రనూ కలిపితే ఎవరికీ కడుపు నిండలేదు. 2024లో ఈ జనరేషన్స్‌నే మెరుగుపెట్టి, షాడో అనే ఇంకో పాత్రకు కొత్త భాగం చేర్చి మళ్లీ అమ్మారు. మా వాడు ఆడుతున్నది అదే.

కమిటీకి నా మాట ఇది. ఒకే పాటకు రెండు అంకాలు పెడదాం. హరికథ చెప్పే కథనే పిల్లలు తమ పద్ధతిలో, తమ సమయంలో చెప్పనీ. వాళ్ల ర్యాప్ నడుమ మన చిడతలు దూర్చొద్దు, మన కోలాటానికి వాళ్ల డ్రమ్ములు వేయొద్దు. చివర్లో అందర్నీ వేదిక ఎక్కించి ఒకే పాట పాడించే ఆలోచన ఉంటే మానుకుందాం. పోయినసారి ఏమైందో చూశాం కదా.

మనవడు ఒకటి అడిగాడు. "తాతా, ఈ చిన్నోడు ఏల మాట్లాడడు?" ఆటలో చిన్న సోనిక్ నోరు తెరవడు. తలూపుతాడు, చేతులతో చూపిస్తాడు. 1991లో వాడికి గొంతు లేదు, అందుకని ఇప్పుడూ పెట్టలేదు. పక్కనున్న తోడు టెయిల్స్ మాట్లాడతాడు, ఇతను వింటాడు. అదే చెప్పాను. వాడు "సరి" అన్నాడు, మిగతాదంతా తమిళంలో మాట్లాడాడు. మా ఇంట్లో నేను తెలుగులో అడిగితే వాడికి అంతా అర్థమవుతుంది. తలూపుతాడు, చేత్తో చూపిస్తాడు. ఆ రోజు "ఏల" అని అడిగాడే, ఆ ఒక్క మాట కోసం ఇంకో రెండు గంటలు పక్కన కూర్చుని ఆట చూశాను.