మంచుసీమలో చేపల శీతావాసము

జపాను దేశపు హోన్షూ ద్వీపమున, పశ్చిమసముద్రమునకు అభిముఖమై యున్న నీగతా మండలములో, తీరమునంటిన విశాలమగు వరిపొలములను దాటి నాగావోకా, ఒజియా పట్టణములకు తూర్పుగా కొండలలోనికి పోయినచో, మెట్లుమెట్లుగా దిగివచ్చు చిన్నచిన్న మడులును, ఆ మడులకు ఎగువన నీటిని నిలిపియుంచు కుంటలును, ఆ కుంటలలో తిరుగాడు వర్ణమత్స్యములును కానవచ్చును. పూర్వము ఇరువది గ్రామములసీమ యని పేరొందిన ఈ ప్రాంతమునకు యమకోషి హృదయస్థానము. నేడు లోకమంతట సంపన్నుల ఉద్యానములలో విహరించుచున్న ఎఱ్ఱ, తెలుపు, నలుపు వన్నెల కొయ్ చేపలకు ఇదియే జన్మభూమి. ఈ చేపల అందమునుగూర్చి వ్రాసినవారు పెక్కురు. అయితే ఆ అందమును ఏటేట నాలుగైదు మాసములు ఇంటి పంచను దాచి బ్రతికించిన శీతకాలపు నీటిసంరక్షణమునుగూర్చి వ్రాసినవారు అరుదు. ఈ విద్యకు గల చరిత్ర అందమునకు గల చరిత్రకంటె ఏమాత్రమును చిన్నది కాదని నా విశ్వాసము.

సైబీరియానుండి వీచు శీతలపవనములు సముద్రముమీదుగా వచ్చునపుడు తేమను గ్రహించి, ఈ కొండలను తాకి, గ్రహించినదంతయు మంచుగా కురిపించును. మూడు నాలుగు మీటర్ల మంచు ఇచ్చట వింతకాదు. ఈ మండలమువాడే యైన సుజుకి బొకుషి తన మంచుసీమ జీవితమును వర్ణించుచు 1837లో ప్రకటించిన గ్రంథమును చదివి నగరవాసులు విస్మయమొందిరి. యమకోషిలోని కొమత్సుకురా గ్రామస్థులు, మంచులో కొండదాటి పోలేక రోగులు మార్గమధ్యముననే మరణించుట చూచి సహింపజాలక, 1933లో గునపములు చేతబట్టి కొండను తొలువ నారంభించి, యుద్ధకాలమున కొంత విరామము కలిగినను, 1949 నాటికి సుమారు 900 మీటర్ల సొరంగమును తమ చేతులతోనే పూర్తిచేసిరి. ఇట్టి ఏకాంతమున బ్రతుకువారికి చలికాలమున మాంసాహారము ఎక్కడిది? కాబట్టి వారు మడులకు నీరొసగు కుంటలలో కార్పు చేపను పెంచుకొనిరి. మన చెరువులలో బంగారుతీగ యని పిలువబడు చేప యిదియే. తినుటకు పెంచిన ఆ నల్లని చేపలలో 1804 మొదలు 1830 వఱకు గల కాలమున అచ్చటచ్చట ఎఱ్ఱమచ్చలు గలవి పుట్టగా, కొండరైతు వానిని చంపక వేఱుచేసి, ఒకదానితో నొకటి జతగూర్చి, తన వినోదముకొఱకు పెంచెను. రాజాశ్రయమును పండితోపదేశమును లేక కేవలము కర్షకుల కనులలోనే వికసించిన కళ యగుటవలన నాకు దీనియెడల విశేషమైన గౌరవము కలదు.

లోతైన నీటిలో కార్పు చేప మంచుగడ్డక్రింద కూడ బ్రతుకగలదు గదా, దానిని ఇంటికి మోసికొనిపోవ నేల యని సందేహము కలుగవచ్చును. నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద మిక్కిలి సాంద్రమై అడుగునకు చేరును గనుక, పైన గడ్డకట్టినను అడుగున చేపకు నిలువనీడ యుండును. బొహీమియాలోని త్రెబోన్ చెరువులలో మధ్యయుగమునుండి కార్పులు అట్లే చలికాలము గడుపుచున్నవి. కాని యమకోషి కుంటలు వాలుమీద కట్టినవి, లోతు తక్కువవి. వానిపై మీటర్లకొలది మంచు పేరుకొన్నచో వెలుతురు సోకదు. వెలుతురు లేనిచో నీటిలోని పచ్చదనము ప్రాణవాయువును పుట్టింపజాలదు. అడుగు బురదలో కుళ్ళుచున్న ఆకులుమాత్రము ఉన్న ప్రాణవాయువును మెల్లమెల్లగా హరించుచునే యుండును. పైగా అంత మంచును త్రవ్వికొని పోయి కుంటలో ఏమి జరుగుచున్నదో చూచువాడెవడు? అందువలన శరదృతువు చివర, తొలిమంచు పడకమునుపే, కుంటలనుండి నీరు వదలి, సంతానమునకై నిలిపిన తల్లిచేపలను తండ్రిచేపలను తొట్లలో పెట్టుకొని, ఇంటిని ఆనుకొని త్రవ్విన గుంటలలోనికి, కొన్ని యిండ్లలో చూరుక్రిందనే యున్న గుంటలలోనికి, చేర్చెడివారు.

ఈ ఇంటిగుంటలకు ప్రాణము ఊటనీరు. కొండకడుపులోనికి అడ్డముగా త్రవ్విన బావులనుండియు, రాతిపగుళ్ళనుండియు వచ్చు ఆ నీరు, భూగర్భమున సంవత్సరము పొడుగునను ఇంచుమించు ఒకే ఉష్ణతతో నుండును గావున, వెలుపల సమస్తమును గడ్డకట్టిన దినములలో కూడ చల్లగానే కాని గడ్డకట్టక ప్రవహించెడిది. ఒకవైపున సన్నని ధార వచ్చి పడుచుండ, వేఱొకవైపున అదనపు నీరు పొర్లిపోవుచుండును. కప్పుమీదనుండి త్రోసిన మంచును ఆ గుంటలోనే పడవేసి కరిగించుటయు కలదు. ఈ సామాన్యమగు ఏర్పాటులో శాస్త్రము ఎంత యిమిడియున్నదో చూడుడు. చేప తన శరీరమందలి నత్రజని మలమును ముఖ్యముగా మొప్పలద్వారా అమ్మోనియా రూపమున విసర్జించును. కుంటలోనైనచో బురదయు, నాచును, కంటికి కానరాని సూక్ష్మజీవులును దానిని మ్రింగివేయును. ఇంటిగుంటలో ఆ పరివారము స్వల్పము. అయినను ఎడతెగని ధార ఆ విషమును ఎప్పటికప్పుడు కొట్టికొనిపోవును. అదియునుగాక చల్లని నీరు ప్రాణవాయువును అధికముగా నిలుపుకొనును. 30 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 7.6 మిల్లీగ్రాములు మాత్రమే కరగు ప్రాణవాయువు 10 డిగ్రీల వద్ద 11.3 మిల్లీగ్రాముల వఱకును కరగగలదు. కొల్లేటి ప్రాంతపు రైతు తెల్లవాఱుజామున లేచి, చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచుచున్నవేమో యని గట్టున నిలిచి గుండె చిక్కబట్టుకొని చూచు ఆ భయము, యమకోషి రైతునకు చలికాలమున అంతగా లేకుండుటకు కారణమిది.

అన్నిటికంటె ముఖ్యమైన ఉపాయము ఉపవాసము. పట్టుపురుగుల ప్యూపాలవంటి బలమైన మేతతో వేసవిలో బలిసిన చేపకు, నీరు చల్లబడినకొలది మేత తగ్గించి, సుమారు 10 డిగ్రీలకు దిగినపిమ్మట పూర్తిగా మానిపింతురు. శీతరక్తముగల ఆ జీవి తన క్రొవ్వును తానే మెల్లగా వెచ్చించుకొనుచు మాసములు గడపగలదు. తిననిది అల్పముగనే విసర్జించును. నీటినుండి ఏమియు కోరని చలికాలమది. చేపయు, నీరును, మనుష్యుడును ముగ్గురును విశ్రమింతురు. ఆ పాతకాలపు రైతునకు అమ్మోనియా పేరు తెలియదు. అయినను దానిని జయించుటకు కావలసిన రెండు సాధనములు, అనగా ప్రవాహమును నిరాహారమును, అతని చేతిలోనే యుండెను.

ఆ పేరు తెలిసినవారి కథ వేఱొక ఖండమున జరిగెను. దానిని చెప్పక ముందునకు పోజాలను. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1849లో ఒక గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచి, నీరు మార్చకయే చేపలు బ్రతుకునా యని పరీక్షింప నారంభించెను. మొక్క ఆకులు కుళ్ళి నీరు మురికిపట్టగా, కుళ్ళును తిను నత్తలను చేర్చెను. అంతట నీరు తేటపడెను. మొక్క ప్రాణవాయువు నిచ్చును, చేప బొగ్గుపులుసు వాయువు నిచ్చును, నత్త పారిశుధ్యము చేయునని ఆయన 1850లో విద్వత్సభకు నివేదించిన సిద్ధాంతము మిక్కిలి ప్రసిద్ధమై, 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు మత్స్యశాల వెలయుటకు త్రోవచూపిన వానిలో నొకటి యయ్యెను. అయితే ఆ గాజుపాత్రలో నాలుగవ పాత్రధారి కూడ ఉండెను. ఆయన దానిని గుర్తింపలేదు.

1877లో పారిసునందు ష్లోసింగ్, మ్యూంజ్ అను వారిరువురు మురుగునీటిని ఇసుకతోడను సున్నపురాతితోడను నింపిన గొట్టముగుండ వదలిరి. మొదటి 20 దినములు అమ్మోనియా మార్పులేకయే వెలువడెను. తరువాత అది నైట్రేటుగా మాఱ నారంభించెను. క్లోరోఫారము ప్రయోగింపగనే ఆ మార్పు నిలిచిపోయెను. కాబట్టి ఈ పని చేయునది ప్రాణముగల వస్తువే యని తేలెను. ఈ వార్త విని ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున సంవత్సరముల తరబడి శ్రమించి, అమ్మోనియా మొదట నైట్రైటుగను పిమ్మట నైట్రేటుగను మాఱుట వేర్వేఱు జీవుల పని యని నిరూపించిన శాస్త్రవేత్త పేరు కూడ రాబర్ట్ వారింగ్టనే. ఆయన గాజుపాత్ర వారింగ్టనునకు స్వంత పుత్రుడు. ఆ జీవులను శుద్ధరూపమున వేఱుపఱచు కీర్తి 1890లో వినోగ్రాద్‌స్కీ యను శాస్త్రజ్ఞునకు దక్కెను. తండ్రి గాజుపాత్రలో చేపలను బ్రతికించిన అదృశ్యకార్మికులను కుమారుడు పొలపు మట్టిలో కనుగొనెను. విజ్ఞానచరిత్రలో ఇంతకంటె హృద్యమైన పితృపుత్ర సంబంధము నాకు స్ఫురించుట లేదు.

ఇంతలో యమకోషి కొండలలో చేపల వెల పెరుగుచుండెను. 1889 ప్రాంతమున ఉతోగి గ్రామస్థుడగు హిరోయి కునిజో తెలుపుపై ఎఱుపు నిలిచిన జాతిని స్థిరపఱచెను. 1914లో టోకియో మహాప్రదర్శనమునకు ఈ గ్రామములవారు తమ చేపలను తీసికొనిపోగా రాజధాని విస్తుపోయెను. వానిలో కొన్ని యువరాజునకు కానుకగా సమర్పింపబడినవి. 1927లో హోషినో జుకిచి నలుపుపై ఎఱుపు తెలుపులుగల షోవా జాతిని వెలయించెను. వినోదము వృత్తియయ్యెను. ఇంటిగుంటలోని తల్లిచేప కుటుంబపు మూలధనమయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము వృత్తి స్వరూపమే మాఱిపోయెను. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో చేపలు విమానమెక్కి దూరదేశములకు పోనారంభించినవి. ఇంటిగుంటకు బదులుగా ప్లాస్టిక్ కప్పుగల పెద్ద పందిళ్ళును, వానిక్రింద సిమెంటు తొట్లును, నీటిని వేడిచేయు బాయిలర్లును వచ్చెను. ఆ యేడు పుట్టిన పిల్లలను చలికాలమంతయు వెచ్చని నీటిలో నుంచి, మేతపెట్టి, వసంతమునాటికి ఒక యేడు ముందుగా పెంచుటకు పోటీ పెరిగెను. వేడిచేసిన నీటిని పాతధారవలె వెలుపలికి వదలివేయుట దుబారా గనుక అదే నీటిని త్రిప్పి త్రిప్పి వాడవలసివచ్చెను. ప్రవాహమును పోయెను, ఉపవాసమును పోయెను. నాడు నీటి నాణ్యమనునది ఒక సమస్యయై ఆ కొండవానిముందు నిలిచెను. దాని కారణము చలి కాదు, చలికాలమునందును చేపను పెంచవలెనన్న మన కోరికయే యని నేను నిస్సంశయముగా చెప్పగలను.

ఆ సమస్య స్వరూపము సూక్ష్మమైనది. నీటిలోని అమ్మోనియాలో విషరూపమగు భాగము ఉష్ణతతోడను, నీటి ఆమ్లక్షారముల కొలతయగు పీహెచ్ తోడను పెరుగును. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 అయినచో నూటికి ఒక పాలైనను ఉండదు. పీహెచ్ 8 కాగానే నూటికి ఐదుపాళ్ళు దాటును. అదే పీహెచ్ 8 లో నీరు 10 డిగ్రీలకు దిగినచో రెండు పాళ్ళకు లోబడియుండును. వెచ్చని నీటిలో మేత తిను చేప ఎక్కువ విసర్జించుటయేగాక, విసర్జించినది అధికవిషమగును. ఇక త్రిప్పి వాడు నీటినుండి దానిని హరింపవలసిన ఫిల్టరు క్రొత్తదైనచో దానిలో ఆ సూక్ష్మజీవులు స్థిరపడుటకు వారములు పట్టును. చల్లని నీటిలో ఇంకను ఆలస్యము. పారిసు గొట్టములో మార్పులేక గడచిన ఆ 20 దినములే ఈ తొట్టిలో చేపకు మృత్యుకాలము కాగలవు. అమ్మోనియా తగ్గినదని సంతోషించులోపల నైట్రైటు పెరిగి, రక్తమును గోధుమవన్నెకు మార్చి, చేపకు ఊపిరాడకుండ చేయును. కాబట్టి నేర్పరులగువారు చేపలు రాకమునుపే ఫిల్టరును నడిపియుంతురు. పనిచేయుచున్న పాత ఫిల్టరునుండి కొంత సరకును తెచ్చి క్రొత్తదానిలో వేయుదురు. చేపలను పలుచగా నుంచి, మొదట మేతను అతిస్వల్పముగా వేసి, ప్రతిదినమును కొంత నీటిని మార్చుదురు. కొద్దిగా ఉప్పు కలుపుదురు. ఉప్పులోని క్లోరైడు మొప్పలయొద్ద నైట్రైటునకు అడ్డుపడునని పిదప శాస్త్రము వివరించెను. పట్టణపు కుళాయినీటిని వాడు అభిరుచిపరులు క్లోరినును తొలగించుట మఱచినచో ఒక్క రాత్రిలో చేపలును, ఫిల్టరులోని జీవులును కూడ నశించును.

2004 అక్టోబరు 23వ తేదీ సాయంకాలము ఈ సీమను భూకంపము కుదిపివేసెను. అది కుంటలనుండి చేపలను పైకి తెచ్చి శీతావాసములకు చేర్చు ఋతువు. కట్టలు తెగినవి, దారులు విఱిగిపడినవి, కొండచరియలు నదిని అడ్డగింపగా ఒక గ్రామము నీట మునిగెను. విద్యుచ్ఛక్తి ఆగిపోగా పంపులు నిలిచి, నిండుగా చేపలున్న తొట్లలో ప్రాణవాయువు తఱిగిపోయి అసంఖ్యాకముగా చేపలు మరణించినవి. సుమారు 2,200 మంది గ్రామస్థులు నాగావోకాకు తరలింపబడిరి. వారిలో చేపలను పెంచువారు బ్రతికియున్న తల్లిచేపలకొఱకు తిరిగిపోగా, హెలికాప్టర్లలో కొన్ని చేపలను దింపికొని వచ్చిరి. ఊటనీరు తనంతట వచ్చి పడెడి పాత ఇంటిగుంటకు విద్యుత్తుతో పనిలేదన్న సంగతి ఆ దినములలో ఎందఱకు జ్ఞాపకము వచ్చియుండునో.

2017లో జపాను ప్రభుత్వము ఈ సీమలో మంచు, వరి, చేప మూడింటిని ముడివేసిన సేద్యపద్ధతిని జాతీయ వ్యవసాయ వారసత్వముగా గుర్తించెను. మడులును కుంటలును ఆ గుర్తింపుచే రక్షింపబడుననుట సంతోషకరము. అయితే చూరుక్రింది గుంటలు పాత ఇండ్లతోపాటు పోవుచున్నవి. ఎంత లోతు త్రవ్వెడివారు, ధార ఎంత సన్నగా వదలెడివారు, ఏ నెలలో మేత మానిపించెడివారు అనునవి చెప్పగల వృద్ధులు ఉన్నంతలోనే, గుంట గుంటకును కొలతలు తీసి, చిత్రించి, వారి మాటలతోనే లిఖించి భద్రపఱచుట అవశ్యకర్తవ్యము.