వాయిదా దారిలో ఒక జడ్జి

ఆస్పరి స్టేషన్‌లో ఇప్పుడే తెల్లవారింది. సుగ్గికి పోయే కుటుంబాలు ప్లాట్‌ఫారం మీద మూటల మధ్య కూర్చున్నాయి. బియ్యం సంచులు, సత్తు గిన్నెలు, దుప్పట్లు, ఒడిలో పిల్లలు. గుంటూరు వైపు మిరపకాయ కోతలకు ప్రయాణం. వాళ్లకు కాస్త ఎడంగా ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరును రొమ్ముకు అదుముకుని నిలబడ్డాడు. అందులో ఏముందో మీరు అడగక్కర్లేదు. పక్కనున్న మనిషి అడగనే అడిగాడు.

"యాడికి పెద్దాయనా?"

"ఆదోనికప్పా. కోర్టులో వాయిదా ఉండాది."

"ఇంగా తేలల్యా?"

"యాడ తేల్తాది! జడ్జి మారె. మళ్లా మొదట్నుంచి."

ఆయన ఉత్తరానికి పోయే రైలెక్కాడు. మీ బండి దక్షిణానికి. కిటికీ పక్కన కూర్చోండి. నల్లరేగడి చేలు, కోసేసిన పత్తికట్టె, అక్కడక్కడా టమాటా తోట. తూర్పున కనపడనంత దూరంలో పత్తికొండ. దత్తమండలాల కలెక్టరుగా పేరు తెచ్చుకున్న మన్రో దొర 1827 జులై 6న అక్కడే కలరాతో పోయాడు. కంపెనీ కోర్టులు రైతుకు దూరమనీ, ఖర్చనీ, ఆలస్యమనీ ఆయన వాదించేవాడు. 1816లో గ్రామ మునసబులకు చిన్న తగాదాలు తీర్చే అధికారం రావడం వెనక ఉన్నది ఆయనే. ఆ ఫిర్యాదు ఇప్పటికీ పాతబడలేదు. కావాలంటే కవరు పెద్దాయన్ను అడగండి.

గుంతకల్లులో బండి చాలాసేపు ఆగుతుంది. టీ తాగండి. ఆ తర్వాత గుత్తి. ముందు కొండ, కొండ మీద కోట. మన్రోను మొదట పూడ్చింది ఈ ఊళ్లోనే. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన ఒ. చిన్నప్పరెడ్డి 1922 సెప్టెంబరు 25న పుట్టింది కూడా ఇక్కడే. చిన్నప్పరెడ్డి మద్రాసులో చదివి, 1944లో అక్కడే వకీలుగా నమోదయ్యారు. 1967లో హైదరాబాదులో హైకోర్టు జడ్జి అయ్యారు.

ఇక 1976. ఎమర్జెన్సీ. దేశం మొత్తం మీద పదహారు మంది హైకోర్టు జడ్జీలను వాళ్ల ఊళ్ల నుంచి లేపి వేరే రాష్ట్రాలకు పంపారు. ఆ జాబితాలో ఈయన పేరూ ఉంది. వెళ్లాల్సింది పంజాబ్, హర్యానా హైకోర్టుకు. కారణం ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. ఆ హైకోర్టు ఉన్న చండీగఢ్‌లో మీకు ఒక్క తెలుగు మాట వినపడదు.

1978 జులైలో ఢిల్లీ, సుప్రీంకోర్టు జడ్జిగా. ఎర్ర ఇసుకరాతి భవనం, పైన గుమ్మటం. లోపల నల్లకోట్ల గుంపులోంచి దారి చేసుకుని వెనక బెంచీలో కూర్చోండి. 1982 ఫిబ్రవరి. ఢిల్లీ పోలీసుల్లో బండి నడిపే ఒక డ్రైవర్ కానిస్టేబుల్ వచ్చాడు. మిగతా ప్రభుత్వ శాఖల డ్రైవర్లూ అదే పని చేస్తున్నారు, వాళ్లకు జీతం ఎక్కువ, నాకెందుకు తక్కువ అన్నది అతని ప్రశ్న. సమాన పనికి సమాన వేతనం వట్టి నినాదం కాదనీ, రాజ్యాంగం పెట్టుకున్న లక్ష్యమనీ చిన్నప్పరెడ్డి రాశారు. రణధీర్ సింగ్ కేసు అది. ఈ దేశంలో జీతాల పోరాటం చేసిన ప్రతి యూనియన్ వకీలూ ఆ పేరు ఒకసారైనా పలికి ఉంటాడు.

1986 ఆగస్టు 11. ఈరోజు తీర్పు ముగ్గురు పిల్లలది. కేరళలో ఒకే ఇంటివాళ్లు. పదో తరగతి, తొమ్మిది, అయిదు. బడిలో జనగణమన మొదలవగానే అందరితో పాటు లేచి నిలబడతారు, నోరు మాత్రం కదపరు. వాళ్లు యెహోవా సాక్షులు. దేవుడికి తప్ప వేరే స్తుతిగీతం పాడకూడదని వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. ఒక శాసనసభ్యుడు చూశాడు, అసెంబ్లీలో లేవనెత్తాడు. కమిషన్ వేస్తే, పిల్లలు బుద్ధిమంతులు, అగౌరవమేమీ చేయలేదని తేల్చింది. అయినా 1985 జులై 26న బడి గేటు మూసుకుంది. హైకోర్టులో ఒక జడ్జి కాదన్నారు, ఇద్దరు జడ్జీల బెంచీ కాదంది.

ఇప్పుడు బెంచీ మీద చిన్నప్పరెడ్డి, ఎం.ఎం. దత్. జాతీయగీతం పాడి తీరాలని ఏ చట్టం చెప్పింది? ఏదీ చెప్పలేదు. జాతీయ గౌరవానికి సంబంధించిన 1971 చట్టం శిక్షించేది పాడేవాళ్లను అడ్డుకున్నవాణ్ని, గోల చేసినవాణ్ని. మర్యాదగా నిలబడినవాడు గీతాన్ని గౌరవించినట్టే. అమెరికా సుప్రీంకోర్టు 1940లో ఇలాంటి పిల్లలకే జెండా వందనం తప్పదని చెప్పి, మూడేళ్లకే 1943లో తన తీర్పును తానే తిరగరాసుకున్న సంగతీ ఇందులో చర్చకు వచ్చింది. పిల్లల్ని మళ్లీ చేర్చుకోండి, చదువుకు అడ్డం రాకండి అన్నది ఆదేశం. పోయిన ఏడాది మాత్రం ఏ ఆదేశంతోనూ తిరిగి రాదు.

ఆదోని రైలెక్కిన పెద్దాయనకు ఈ జడ్జి గురించి చెప్పాల్సి వస్తే నేనైతే ఈ కేసు ఎంచుకోను. మూడేళ్లు వెనక్కి రండి.

1983 ఫిబ్రవరి 16. వతీశ్వరన్ కేసు. ఇతని మీద జాలి పడటం కష్టం. హత్యల ముఠాకు పెద్ద తలకాయ. 1975 జనవరిలో ఉరిశిక్ష పడింది. అప్పటి నుంచి ఎనిమిదేళ్లుగా ఒంటరి కొట్టులో ఉన్నాడు. ప్రతి ఉదయం బూట్ల చప్పుడు వింటాడు, తన కోసమేనేమో అనుకుంటాడు, కాదు. ఈ ఎదురుచూపు కోర్టు వేసిన శిక్షలో లేదు, ఇది అదనంగా పడిందని చిన్నప్పరెడ్డికి తోచింది. ఉరి అమలు రెండేళ్లకు మించి ఆలస్యమైతే, రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద దాన్ని రద్దు చేయమని ఖైదీ అడగవచ్చని తీర్పు చెప్పి, యావజ్జీవంగా మార్చారు. ఆలస్యం ఖైదీ అప్పీళ్ల వల్లే జరిగినా సరే అన్నారు. అంతటి దుర్మార్గుడి కేసులో ఈ మాట చెప్పడమే నాకు ఆయన ధైర్యంగా కనిపిస్తుంది.

ఆ తీర్పు అయిదు వారాలు నిలిచింది. మార్చి 24న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఉన్న ముగ్గురు జడ్జీల బెంచీ, రెండేళ్లని గీత గీయడం కుదరదని చెప్పేసింది.

చిన్నప్పరెడ్డి 1987 సెప్టెంబరులో రిటైరయ్యారు. కర్ణాటకలో వెనుకబడిన తరగతుల మూడో కమిషన్‌కు అధ్యక్షత వహించి, 1990లో నివేదిక ఇచ్చారు. 2013 ఏప్రిల్ 13న కన్నుమూశారు. తొమ్మిది నెలల తర్వాత, 2014 జనవరి 21న, సుప్రీంకోర్టు పదిహేను మంది ఉరిశిక్షలను ఒకే తీర్పుతో యావజ్జీవంగా మార్చింది. రెండేళ్ల గీత లేదు. ఎక్కువ మంది విషయంలో చూపిన కారణం క్షమాభిక్ష అర్జీలు ఏళ్ల తరబడి తేలకపోవడం.